వేషం దిగలేదనుకున్న ఏడాది

పోయినేడు జాతర ముగిసిన రోజు నేను చీర విప్పి, మడిచి, మా అక్క చేతికిచ్చాను. గాజులు తీశాను. కొబ్బరినూనె పూసి మొహం మీది పసుపు తుడిచి, సబ్బుతో కడుక్కున్నాను. తిరుపతిలో గంగమ్మ జాతరకు మొక్కు ఉన్న మగవాళ్లు చీర కట్టి, జడ పెట్టుకుని అమ్మ ముందుకు పోవడం మాకు వింత కాదు. మా నాయన కట్టాడు. ఆయన పోయాక నేను కడుతున్నాను. వేషంలో ఉన్నంతసేపు మనం మనం కాదు, తీశాక మళ్లీ మనమే. ప్రతి ఏడూ అట్లాగే జరిగింది. పోయినేడు మాత్రం అన్నీ తీసేశాక కూడా ఏదో మిగిలిపోయింది.

ముందు నా సంగతి చెప్పాలి. నేను యాత్రికుల వ్యాను తోలుతాను. కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుచానూరు తిప్పుతాను. దారి పొడుగునా కథలు చెబుతాను. ఆ కథల్లో నిజం పప్పులో ఇంగువంత. కాణిపాకం దారిలో ఒక మామిడిచెట్టును చూపించి, దాని నీడలో మధ్యాహ్నం కునుకు తీసిన మగవాడికి సాయంత్రానికి మీసం అరంగుళం పెరుగుతుందని చెబుతాను. ఒక పెద్దమనిషి వ్యాను ఆపించి నిజంగానే పడుకున్నాడు. లేచాక అద్దంలో చూసుకుని, పెరిగిందని ఆయనే అన్నాడు. నేను అనలేదు. చంద్రగిరి కోటలో రాత్రిళ్లు తిరిగే ఏనుగు కథ చెబితే పిల్లలు వ్యాను దిగమంటే దిగరు.

కాబట్టి ఇప్పుడు రాసేదాన్ని నన్ను ఎరిగినవాళ్లు నమ్మరని తెలుసు. పరవాలేదు. ఇదే జబ్బును లోపల దాచుకుని, ఎండాకాలంలో కూడా చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని తిరుగుతున్న మగవాడు ఎక్కడైనా ఉంటే, వాడు నమ్మితే చాలు.

జూన్

మొదట వచ్చింది అలసట. పొద్దున లేచేసరికే రాత్రంతా మూటలు మోసినట్టుండేది. రోజూ గీసుకునే గడ్డం వారానికోసారి గీసినా సరిపోయేది. నా భార్య సరళ పక్కన పడుకుంటే, ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చి పడుకున్నట్టుండేది. ఆమె చెయ్యి మీద పడితే నిద్ర నటించేవాణ్ణి. కొన్నాళ్లకు చాప తీసుకుని ముందుగదిలోకి మారాను.

వ్యానుల స్టాండులో దొరస్వామి నా జతగాడు. వాడికి సగం చెప్పాను. అలసట సంగతి చెప్పి, మిగతాది మింగేశాను. వాడే మిగతాది అందుకున్నాడు.

"యాబై దాటినాక అంతేప్పా. పాత ఇంజను. ఆయిలు తాగతాది, పొగ ఇడస్తాది, గుట్ట ఎక్కదు."

"నీదీ అంతేనా?"

"నాది ఎప్పుడో షెడ్డులో పెట్టేసినా. నా పెండ్లాం అడగను కూడా అడగదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వయసు అన్న మాట ఎంత సుఖంగా ఉంటుందంటే, దాని కింద ఏ జబ్బునైనా పెట్టి కప్పేయవచ్చు. నేను కప్పేశాను.

తర్వాత సీటు బెల్టు నొప్పి పెట్టసాగింది. అది ఛాతీ మీదుగా పోయే చోట, పుండు మీద తాడు బిగించినట్టు. బెల్టుకు తువ్వాలు చుట్టాను. ఒక మధ్యాహ్నం శ్రీకాళహస్తిలో యాత్రికులు దర్శనానికి పోయారు. వ్యానులో ఒక్కణ్ణే కూర్చుని, గాలి కోసం చొక్కా విప్పాను. బనియను మీద రెండు తడి మచ్చలు. చెమటయితే వీపు తడవాలి కదా. వేలితో తాకి వాసన చూశాను.

ఆ వాసన నాకు తెలుసు. మా కూతురు చంటిబిడ్డగా ఉన్నప్పుడు సరళ జాకెట్ల దగ్గర వచ్చేది.

అద్దాలు పైకెక్కించి, ఆ ఎండలో, తలుపులు మూసిన వ్యానులో కూర్చున్నాను. యాత్రికులు వచ్చి తలుపు తట్టేదాకా కదల్లేదు. ఆ రోజు తిరుగుదారిలో ఒక్క కథ కూడా చెప్పలేదు.

నాకు ఒకటే తోచింది. వేషం దిగలేదు. చీర మటుకే దిగింది. అమ్మ నన్ను వదిలిపెట్టి పోలేదు, లోపల కూర్చుని నిదానంగా నన్ను తన మాదిరి చేసుకుంటోంది. వేషంలో ఏం తప్పు చేశానా అని మొదటినుంచి తలుచుకున్నాను. ఉపవాసం ఉన్నాను. చెప్పులు వెయ్యలేదు. నీచు ముట్టలేదు. ఏ తప్పూ దొరకలేదు. దొరికి ఉంటే కొంచెం ధైర్యంగా ఉండేది, తప్పుకు పరిహారం ఉంటుంది కనుక.

ఆషాఢం

ఆ తర్వాత మనుషులు మాయం కావడం మొదలైంది.

సరళ పక్కన నిలబడి మాట్లాడుతూ ఉంటుంది, గొంతు వినిపిస్తుంది, మనిషి ఉండదు. తల తిప్పితే అక్కడే ఉంటుంది. గోడవైపు నుంచి ఎవరో ఒక్కసారిగా నా ముందుకు వచ్చి నిలబడతారు, నడిచి వచ్చినట్టు కాదు, గోడలోంచి ఊడిపడినట్టు. తలుపు రెక్కలకు భుజాలు తగిలేవి. కణతల మధ్య ఒక నొప్పి రోజంతా సన్నగా కాగుతూ ఉండేది. ఇదంతా కళ్ల సంగతి అని నాకు తట్టలేదు. ఎదురుగా ఉన్నది బాగా కనిపిస్తుంటే కళ్లను ఎవరు అనుమానిస్తారు? ఇంట్లో ఎవరో తిరుగుతున్నారనే అనుకున్నాను. నాలో ఉన్నదానికి తోడు బయట ఇంకొకటి.

వడమాలపేట దగ్గర ఒక పొద్దున ఖాళీ రోడ్డు మీద ఎడమకు తిప్పుతున్నాను. గాలిలోంచి ఒక గొంతు వచ్చింది.

"కండ్లు యాడ పెట్టుకోని తోల్తా ఉండావురా?"

బ్రేకు వేశాను. వెనక పన్నెండు మంది ఒకరి మీద ఒకరు పడ్డారు. మెడ పూర్తిగా తిప్పితే అప్పుడు కనిపించాడు మనిషి. మోపెడు మీద పాలక్యాన్లు, చక్రం నా వ్యానుకు జానెడు దూరంలో. వాడి మొహంలో రక్తం లేదు. వెనక సీట్లో ఒక ముసలామె గోవిందా గోవిందా అంటోంది.

ఆ పొద్దుటి నుంచి స్టీరింగు పట్టుకోవాలంటే భయం. అయినా తోలాను. మానేస్తే ఎందుకని అడుగుతారు, అడిగితే ఏం చెప్పాలి? జీవితమంతా అడగనివాళ్లకు కూడా కథలు చెప్పినవాణ్ణి, అడిగేవాళ్లకు భయపడి పన్నెండేసి మంది ప్రాణాలు వెనక పెట్టుకుని తోలాను. ఇది చదివేవాళ్లకు నేను చెప్పగలిగిన హెచ్చరిక ఇదొక్కటే.

సరళ ఇంకోలా అర్థం చేసుకుంది.

"ఎవురామె?" అని అడిగింది ఒకనాడు అన్నం పెడుతూ.

"ఎవురు?"

"అదే నేనూ అడగతా ఉండా. ముందుగదిలో పండుకుంటావు. గుండీలు బిగించుకోని తిరగతావు. నీ బనియన్లు నువ్వే ఉతుక్కుంటావు, పెండ్లయిననాటి నుంచి గుడ్డ పిండి ఎరగనోడివి. నేను పిచ్చిదాన్నా?"

ఇంతకుముందయితే ఆమె నోరు మూసేలోగా మూడు అబద్ధాలు తయారు చేసేవాణ్ణి, మూడూ నవ్వు తెప్పించేవే. ఆ రోజు నోరు రాలేదు. కంచం చూస్తూ కూర్చున్నాను. సరళ నా అబద్ధాలతో పాతికేళ్లు హాయిగా కాపురం చేసింది. నా మౌనాన్ని మాత్రం భరించలేకపోయింది. లేచి వంటింట్లోకి పోయింది. గిన్నెలు కడుగుతున్న చప్పుడు చాలాసేపు వచ్చింది, కడగాల్సిన గిన్నెలు అన్ని లేవు.

శ్రావణం

మా అక్క మునెమ్మ నాకంటే పదేళ్లు పెద్దది. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. జాతరలో నాకు చీర కట్టేదీ ఆమే. శ్రావణమాసం పూజలకని పుత్తూరు నుంచి వచ్చి మా ఇంట్లో దిగింది. బకెట్లో దాచిన నా బనియను ఆమె చేతిలో పడింది.

నేను స్నానం చేసి వచ్చేసరికి బనియను చేత్తో పట్టుకుని పెరట్లో నిలబడి ఉంది. నన్ను అడగలేదు. కోప్పడలేదు. వంగి నా పాదాలు ముట్టుకుంది. పెంచిన తల్లే మన పాదాలకు మొక్కితే ఎట్లా ఉంటుందో చెప్పలేను. కాళ్లు వెనక్కి తీసుకున్నాను.

"అక్కా, లెయ్యి. ఏంది ఇది?"

"నాకు తెలస్తానే ఉండాదిరా. ఈ తూరి నువ్వు సీర ఇప్పి నా సేతికి ఇచ్చినప్పుడే తోచింది. తల్లి నిన్ను ఇడవలా."

నేను ఎవరికీ చెప్పని భయాన్ని ఆమె పైకి అనేసింది. ఇద్దరికి ఒకటే తోచిందంటే అది నిజమే అయి ఉంటుందనిపించింది. నేను కాదనలేదు.

సరళకు అక్కే చెప్పింది. ఇంకో ఆడది ఉందని అనుమానపడ్డ మనిషి, ఆ ఆడది గంగమ్మ అని తెలిశాక ఎవరితో పోట్లాడాలో తెలియక గడపలో కూలబడింది. కాసేపటికి, "వదినా, ఆస్పత్రిలో ఒక తూరి సూపిస్తే పోలేదా?" అంది.

"ఏమని సెప్తావు మ్మే? మొగోడికి పాలొస్తాయని సెప్తావా? ఊరంతా నవ్వతాది. తల్లికి కోపమొస్తే నీ పసుపు కుంకుమలు ఏమైతాయో సూసుకో."

సరళ మెడలో పుస్తెలు తీసి కళ్లకద్దుకుంది.

మునెమ్మక్క ఎవరికీ చెప్పలేదని ఇప్పటికీ అంటుంది. ఒక్కరికి మటుకే చెప్పిందట. శ్రావణం ఆఖరి శుక్రవారం పొద్దున మా ముందుగదిలో ఆడవాళ్లు చోటు చాలక వరండాలో కూర్చున్నారు. నన్ను పీట మీద కూర్చోబెట్టారు. చీర కట్టనని మొండికేస్తే, పసుపు తువ్వాలు కప్పి ఊరుకున్నారు. దీపం, సాంబ్రాణి, వేపాకు. వాళ్ల కళ్లు నా ఛాతీ మీదే ఉన్నాయి. ఊరూరా మనుషులను నమ్మించడమే నా పని. ఆ రోజు అంతమంది నమ్ముతూ నా ఎదురుగా కూర్చుంటే, నేను మునిగిపోతున్నట్టు ఊపిరాడలేదు.

వడమాలపేట వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె నా పక్కకే వచ్చిందని నాకు తర్వాత తెలిసింది. చంకలో రెండేళ్ల బిడ్డ. ఎన్నాళ్లయినా ఒళ్లు చెయ్యదు, జ్వరం విడవదు. అక్క నా చెవి దగ్గరికి వంగింది.

"ఒగ సుక్క బిడ్డ నోట్లో ఏస్తే సాలంట, తల్లీ."

నన్ను తల్లీ అంది. చెయ్యగలను అని ఒక క్షణం నాకే అనిపించింది. ఆ క్షణాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. ఇక ఆ పీట మీద ఉండలేక, తువ్వాలు విసిరేసి విసురుగా లేచాను. నా ఎడమ మోచెయ్యి మెత్తటిదానికి తగిలింది. బిడ్డ కెవ్వుమంది. ఆ అమ్మాయి నా ఎడమ పక్కనే మోకాళ్ల మీద ఉండి, రెండు చేతులతో బిడ్డను నాకు అందిస్తోందట. సరళ ముందుకు పడి పట్టుకోబట్టి బిడ్డ నేలన పడలేదు.

"తల్లికి ఇష్టం లేదు," అంది అక్క. ఆడవాళ్లు మూలిగారు. ఆ అమ్మాయి ఏడుపు ఎత్తుకుంది.

సరళ బిడ్డను తల్లికిచ్చి, నా దగ్గరికి వచ్చింది. ఎదురుగా కాదు, పక్కన నిలబడింది.

"నా సేతిలో ఏముండాది?"

"ఏ సేతిలో?"

"సెయ్యి ఎత్తి పట్టుకోనుండా."

"యాడ?"

ఆమె మెల్లగా నా ముందుకు వచ్చింది. మొదట వేళ్లు కనిపించాయి, తర్వాత కుంకుమ భరిణె, తర్వాత ఆమె. కళ్ల నిండా నీళ్లు.

"వదినా," అంది, మొహం నామీద నుంచి తిప్పకుండానే. "ఆయమ్మను ఈయన తోసెయ్యలా. సూడలా. ఈయనకు పక్కన ఏమీ కనపడదు. ఈ కండ్లతోనే దినామూ వ్యాను తోల్తా ఉండాడు."

అక్క ఏదో అనబోయింది. సరళ వినలేదు. ఆ అమ్మాయి భుజం పట్టుకుని లేపింది.

"నువ్వు బిడ్డను తీసకోని నడువమ్మా. మేమూ ఆస్పత్రికే పోతా ఉండాం."

నలుగురం ఒకే ఆటోలో పోయాం. పిల్లల ఆస్పత్రి గేటు దగ్గర ఆమె దిగింది. పేరు అడగాలన్న తెలివి మా ఇద్దరికీ లేకపోయింది. ఆ బిడ్డ ఏమయిందో నాకు ఇప్పటికీ తెలియదు. వడమాలపేట మీదుగా పోయిన ప్రతిసారీ బస్టాపులో నిలబడ్డ ఆడవాళ్ల చంకలు వెతుకుతాను.

భాద్రపదం నుంచి

కంటి ఆస్పత్రిలో ఒక తెల్లటి గిన్నెలాంటి దాంట్లో తల పెట్టించి, మినుకుమన్నప్పుడల్లా మీట నొక్కమన్నారు. నాకు కనిపించకపోయినా నొక్కుతూ పోయాను. పరీక్ష చేసే అమ్మాయి మిషను ఆపింది.

"సార్, లేని లైటుకు నొక్కుతా ఉండారు."

"ఉండాదేమో అనుకున్నా."

"అనుకోవద్దు. కనపడితేనే నొక్కండి."

రెండోసారి నిజంగా నొక్కాను. ఆమె చూపించిన కాగితం మీద రెండు పక్కలా నలుపు. మధ్యలో ఒక సందు, నేనింతకాలం దాంట్లోంచే లోకాన్ని చూశాను.

అక్కడి నుంచి స్కానుకు, స్కాను నుంచి హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆమెది చిత్తూరు. తలలో, కంటి నరాలు కలిసే చోటుకు దిగువన ఉండే చిన్న గ్రంథిలో గడ్డ పెరిగిందని, కాన్సర్ కాదని, అది పాలు పట్టించే హార్మోనును పొంగించి మగ హార్మోనును అణగదొక్కేసిందని చెప్పింది. చూపును నొక్కుతున్నది కూడా అదే. సరళ నా చెయ్యి పట్టుకుంది. చాలా నెలల తర్వాత నేను వెనక్కి తీసుకోలేదు.

నాకు అడగాలని ఉంది. సరళ వైపు చూసి, నేల చూసి, చివరికి అడిగాను. "జాతరలో చీర కట్టినాను మేడమ్. దానికీ దీనికీ ఏమన్నా…"

ఆమె నవ్వలేదు. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

"మా మేనమామ కూడా కడతాడు. ఆయనకేం రాలేదు. మీది జాతరకు ముందే మొదలై ఉంటుంది, మీరు తెలుసుకోలేదంతే."

"మావోళ్లు వయసు అనిరి."

"వయసుతో మగవాళ్లకు ఈ హార్మోను కొంత తగ్గుతుంది, నిజమే. కానీ నిదానంగా. ఇట్లా పడిపోతే, ఇట్లా పాలు వస్తే, అది వయసు కాదు. రక్తపరీక్షతో తెలిసిపోయేది." ఆ నలుపు కాగితాన్ని నా ముందుకు జరిపింది. "ఇంకొన్నాళ్లు ఆలస్యమై ఉంటే చూపు తిరిగి వచ్చేది కాదు. ఇప్పుడైనా అంతా వస్తుందని మాట ఇవ్వలేను."

కోత పెట్టలేదు, మాత్రలిచ్చారు. మొదట్లో కడుపులో తిప్పేది, లేచి నిలబడితే ఇల్లు తిరిగేది. వ్యాను దొరస్వామికి అప్పగించాను. వాడికి ఈసారి అంతా చెప్పాను. ఇంజను జోకు వెయ్యలేదు. "ఏంటికి సెప్పలేదురా నాకు?" అన్నాడు, చాలా మెల్లగా. ఆ వారమే తనూ రక్తపరీక్షకు పోయాడని వాళ్లావిడ సరళకు చెప్పింది.

వాడు అప్పుడప్పుడు వచ్చి నన్ను పక్క సీట్లో ఎక్కించుకుని పోయేవాడు.

"కత సెప్పప్పా, యాత్రికులు నిద్దర పోతా ఉండారు," అనేవాడు. కాణిపాకం చెట్టు వచ్చేది, పోయేది. నేను కథ ఎత్తుకునేవాణ్ణి కాదు. ఎదుటివాళ్లు నమ్ముతారేమో అన్న భయం పట్టుకుంది.

మునెమ్మక్క చానాళ్లు రాలేదు. కార్తీకంలో వచ్చి గడప బయటే నిలబడింది. "నేను నీ కండ్లు తీసేసింటి గదరా," అంది. సరళే పోయి లోపలికి పిలిచింది. ఇద్దరూ ఆ రోజు మాట్లాడుకోలేదు కానీ, ఒకే చాట ముందు కూర్చుని బియ్యం ఏరారు.

ఇప్పుడు

బనియను ఆరిపోయింది. గడ్డం తిరిగి వచ్చింది. ముందుగది చాప చుట్టి అటక మీద పెట్టాం. కుడివైపు చూపు దాదాపు అంతా వచ్చింది. ఎడమ మూల మాత్రం ఇంకా రాలేదు. రాదేమో అంటోంది డాక్టరమ్మ. వ్యాను ఇక నేను తోలను. ఆ మూలలో ఏమీ లేదని నాకు తెలుసు. అయినా ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నప్పుడు అక్కడ ఎవరో మోకాళ్ల మీద కూర్చుని, చేతులు చాపి, ఏదో అందిస్తున్నట్టే ఉంటుంది. తల తిప్పను. తిప్పితే లేకపోవడం కూడా నాకు భయమే.

పోయిన నెల పరీక్షకు పోయి హాల్లో కూర్చున్నాను. హార్మోన్ల డాక్టరు గది ముందు ఆడవాళ్లు ఒకరి జబ్బు ఒకరికి చెప్పుకుంటారు. మగవాళ్లు టీవీ చూస్తారు, అది ఆడకపోయినా. నా ఎడమ పక్క కుర్చీలో ఎవరో కూర్చున్న చప్పుడయింది. మనిషి కనపడలేదు, గొంతు మటుకు వచ్చింది.

"నీకేందన్నా, షుగరా?"

"కాదప్పా. నీకు?"

"నాకేం లేదు. మా బామ్మర్దికి. వాడు రానన్నాడు, నేను అడిగేదానికి వచ్చినా."

అబద్ధం నా సరుకు. ఇంకొకరి అంగట్లో ఉన్నా గుర్తుపడతాను.

"మీ బామ్మర్దికి బనియను తడస్తా ఉండాదా?" అన్నాను, టీవీ చూస్తూనే.

కుర్చీ కిర్రుమంది. లేచి వెళ్లిపోయాడేమో అనుకున్నాను. నేను టీవీ మీద నుంచి చూపు తియ్యకుండా చెప్పాను. వ్యానులో కూర్చున్న మధ్యాహ్నం, పీట, బిడ్డ, మాత్రలు. జీవితంలో మొదటిసారి ఒక కథను ఉన్నదున్నట్టు, ఒక్క ముక్క చేర్చకుండా చెప్పాను. ఎంత చిన్నదిగా ఉందో.

గొంతు మళ్లీ వచ్చింది.

"మొదట ఎవురికి సెప్పినావన్నా?"

"ఎవురికీ సెప్పలా. నా పెండ్లాం కనిపెట్టింది. ఆయమ్మ కనిపెట్టకపోయింటే ఈ పొద్దుకు నాకు నీ గొంతు మటుకే ఉండును."

అప్పుడు మెడ తిప్పి చూశాను. నా ఈడు మనిషి. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, మడిచిన తువ్వాలును ఛాతీకి అదుముకుని కూర్చున్నాడు. చెవుల వెనక చెమట కారుతోంది.

నర్సమ్మ తలుపు తీసి పిలిచింది. "పుత్తూరు శంకరయ్య."

ఆయన కదల్లేదు. ఆమె మళ్లీ పిలిచింది. ఆయన తలుపు వైపు కాకుండా, మెట్ల వైపు చూశాడు.

నేను ఆయన మోచెయ్యి పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తాను.

"ఈడుండాడమ్మా. వస్తా ఉండాడు."